సప్పుడు పెరిగితే బలం పెరుగుతుందా?

జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా పోయే 63వ నెంబరు జాతీయ రహదారి పక్కన ఏ చాయ్ హోటలు ముందైనా ఒక పావుగంట నిలబడి, కళ్ళు మూసుకుని వినండి. పోయేది ఏ బండో చూడకుండానే చెప్పెయ్యవచ్చు. లెక్కపెట్టటానికి వీలుగా "డుగ్ డుగ్ డుగ్" మని కొట్టుకుంటూ పోయేది బుల్లెట్టు. తేనెపట్టు కదిలించినట్టు సన్నగా మొదలై, ఉన్నట్టుండి గొంతు పెంచి దూసుకుపోయేది ఆర్.ఎక్స్. 100. ఈ రెండో బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. అంటే ఈ పత్రిక చదువుతున్న మీ కన్నా, బహుశా మీ అక్క కన్నా అన్న కన్నా కూడా అది వయసులో పెద్దది! అయినా దాన్ని పెట్టుకున్నవాళ్ళు అమ్మమంటే అమ్మరు. నాన్న కొన్నదనో, పెదనాన్న దుబాయి పోతూ అప్పగించి పోయాడనో చెప్పి, పాత చీర కప్పి మరీ దాచుకుంటారు.

అలా దాచుకున్న బండిని "ఇంకా గుంజేలా" చెయ్యాలని చాలామందికి సరదా. దానికి తగ్గట్టు బజారులో సామాను కూడా వచ్చింది. బండి తయారుచేసిన కంపెనీ కాకుండా ఇతరులు చేసి అమ్మే సైలెన్సర్లు, గాలి వడపోతలు, కార్బ్యురేటరు జెట్లు, పళ్ళచక్రాలు, ఇగ్నిషన్ పెట్టెలు – హైదరాబాదు నుంచీ, ఢిల్లీ కరోల్ బాగ్ నుంచీ పార్సెల్‌లో దిగుతున్నాయి. ఒక కుర్రవాడు అలాంటి మెరిసే గొట్టం ఒకటి పట్టుకుని మెకానిక్కు షెడ్డుకు పోతాడు. "అన్నా, గిది పెడితే బండి మంచిగ గుంజుతదా?" అంటాడు. చేతులకు గ్రీజు అంటిన అన్న నవ్వి, "సప్పుడు పెరుగుతది తమ్మీ. గుంజుడు సంగతి నేను చెప్ప" అంటాడు.

అన్న చెప్పని ఆ సంగతి మనం చెప్పుకుందాం. ఇందులో మీరు ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివే భౌతికశాస్త్రమంతా ఉంది.

ఇంజను తినేది గాలి

పెట్రోలు పోస్తే బండి నడుస్తుంది కాబట్టి బలమంతా పెట్రోలులో ఉందని అనుకుంటాం. సగమే నిజం. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి ఎంత తేలికో మీకు తెలుసు. అంచేత 1 లీటరు పెట్రోలు మండటానికి దాదాపు 9,000 లీటర్ల గాలి ఖర్చవుతుంది! పెట్రోలు ఎక్కువ పొయ్యటం ఏమంత కష్టం కాదు. జెట్టు రంధ్రం పెద్దది చేస్తే చాలు. కష్టమల్లా గాలిని లోపలికి పంపటమే. ఇంజను బలం ఎంత అని అడగటమూ, అది నిమిషానికి ఎంత గాలి పీల్చగలదు అని అడగటమూ ఇంచుమించు ఒకటే.

నమ్మకం కుదరలేదా? లెక్క చేసి చూద్దాం. ఆర్.ఎక్స్. 100 సిలిండరు లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం కూడా 50 మిల్లీమీటర్లే. స్తూపం ఘనపరిమాణం సూత్రంలో పెడితే 98 ఘన సెంటీమీటర్లు వస్తుంది. పేరులో 100 అన్నది గుండుసున్న కోసం పెట్టింది. ఇది టూ స్ట్రోకు ఇంజను. అంటే చుట్టుకొకసారి లోపల మంట పుడుతుంది. నిమిషానికి 7,500 చుట్లు తిరిగేటప్పుడు దానికి గరిష్ఠంగా 11 అశ్వశక్తి వస్తుందని కంపెనీ లెక్క. 98ని 7,500తో గుణిస్తే నిమిషానికి 735 లీటర్ల గాలి.

ఇక పాత బుల్లెట్టు. సిలిండరు వ్యాసం 70, పిస్టను కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. ఘనపరిమాణం 346 ఘన సెంటీమీటర్లు. ఇది ఫోర్ స్ట్రోకు కనుక రెండు చుట్లకొకసారే మంట. నిమిషానికి సుమారు 5,500 చుట్ల దగ్గర 18 అశ్వశక్తి. 346ను 5,500తో గుణించి రెండుతో భాగించండి – దాదాపు 950 లీటర్లు. చూశారా! ఒకటి మూడున్నర రెట్లు పెద్ద ఇంజనైనా, పీల్చే గాలిలో తేడా అంత లేదు; బలంలోనూ అంత తేడా లేదు. చిన్న ఇంజను త్వరత్వరగా ఊపిరి తీసుకుని పెద్దదానికి దగ్గరగా వచ్చింది. (పీల్చిన గాలిలో కొంత టూ స్ట్రోకు వృథా చేస్తుంది. ఎందుకో వస్తున్నాను.)

ఈ గాలి లెక్క నుంచి ఒక తమాషా బయటపడుతుంది. మన జగిత్యాల ప్రాంతంలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకటం కొత్త కాదు. 15 డిగ్రీల చలి ఉదయంతో పోలిస్తే ఆ మధ్యాహ్నం ఒక లీటరు గాలి బరువు దాదాపు పదో వంతు తక్కువ. లోపలికి పోయే ప్రాణవాయువు కూడా అంతే తక్కువ. "ఎండకు బండి గుంజుతలేదు" అని పెద్దలు అనేది ఉత్త మాట కాదన్నమాట. డిసెంబరు పొద్దున దొరికే బలం ఏ దుకాణంలోనూ అమ్మరు. పైసా ఖర్చు లేకుండా వస్తుంది!

బావిలో కేక

ఇప్పుడు అసలు ప్రశ్న. సైలెన్సరు మారిస్తే ఏమవుతుంది?

మామూలుగా ఆలోచిస్తే, పొగ బయటికి పోవటానికి అడ్డం ఎంత తగ్గిస్తే ఇంజనుకు అంత హాయి అనిపిస్తుంది. బోలు గొట్టాన్ని అమ్మేవాడు కూడా అదే చెబుతాడు. టూ స్ట్రోకు ఇంజనులో ఇది తలకిందులు. దాని సంగతి ఆట వదిలిన సినిమా హాలు లాంటిది. చూసినవాళ్ళు ఒక ద్వారం నుంచి బయటికి వస్తూ ఉండగానే, మరో ద్వారం నుంచి రెండో ఆటవాళ్ళు లోపలికి తోసుకువస్తారు. పిస్టను కిందికి దిగినప్పుడు సిలిండరులో రెండు రకాల ద్వారాలూ ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. లోపలికి వచ్చిన కొత్త మిశ్రమంలో కొంత, మండకుండానే పొగతో పాటు బయటికి జారిపోతుంది. టిక్కెట్టు కొని లోపలికి వచ్చిన మనిషి ఆట చూడకుండానే ఇవతలి ద్వారం నుంచి రోడ్డు మీద పడ్డట్టు! ఇందాక వృథా అన్నది ఇదే.

అలా జారిపోయినవాళ్ళను ద్వారం మూసేలోగా మళ్ళీ లోపలికి నెట్టే కావలివాడు ఒకడు ఉంటే? ఉన్నాడు. అతని పేరు ప్రతిధ్వని.

చేదబావిలోకి తొంగిచూసి కేక వేస్తే అది నీటికి తగిలి తిరిగి వస్తుంది కదా. పొగ ద్వారం తెరుచుకున్న క్షణాన సిలిండరు నుంచి ఒక పీడన తరంగం అలాగే గొట్టంలో పరుగెడుతుంది. గొట్టం క్రమంగా వెడల్పయ్యే చోట ఆ తరంగంలో కొంత భాగం "పీల్చే" తరంగంగా వెనక్కి వచ్చి సిలిండరులోని పొగను బయటికి లాగుతుంది. ముందుకు పోయిన మిగతా తరంగం గొట్టం మళ్ళీ ఇరుకయ్యే చోట గోడకు కొట్టుకున్నట్టయి, "నెట్టే" తరంగంగా తిరిగి వస్తుంది. వచ్చి, జారిపోయిన కొత్త మిశ్రమాన్ని ద్వారంలోంచి మళ్ళీ సిలిండరులోకి కుక్కుతుంది. అదే క్షణాన పిస్టను పైకి వచ్చి ద్వారం మూసేస్తుంది. అంతే. దొరికిన గాలి దొరికినట్టే.

ఇదంతా జరగటానికి ఎంత సమయం ఉంది? నిమిషానికి 7,500 చుట్లంటే సెకండుకు 125. ఒక చుట్టుకు 8 మిల్లీసెకండ్లు. అందులో పొగ ద్వారం తెరుచుకుని ఉండేది సుమారు సగం. అంటే 4 మిల్లీసెకండ్లు. ధ్వని మామూలు గాలిలో సెకండుకు 340 మీటర్లు పోతుందని మీరు చదివారు. వేడి పొగలో ఇంకా వేగంగా, సుమారు 500 మీటర్లు పోతుంది. 4 మిల్లీసెకండ్లలో 2 మీటర్లు. పోయి రావాలి కనుక ఒకవైపు 1 మీటరు. తరంగాన్ని వెనక్కి కొట్టే ఇరుకు భాగం ఇంజను నుంచి ఒక మీటరుకు కాస్త లోపలే ఉండాలన్నమాట! ఆ జాతి బండి ఎక్కడైనా ఆగి ఉంటే, ఇంజను చల్లారాక, బండివాణ్ణి అడిగి టేపు పెట్టి కొలవండి. గొట్టం మొత్తం మీటరు పైచిలుకు ఉంటుంది. ఆ పొడవును కంటికి ఇంపుగా ఉంటుందని పెట్టలేదు, లెక్క కట్టి పెట్టారు.

ఈ లెక్కలోనే ఇంకో చిక్కుముడి కూడా విడిపోతుంది. 4,000 చుట్ల దగ్గర తరంగం అదే నాలుగు మిల్లీసెకండ్లలో తిరిగి వస్తుంది. కాని ద్వారం అప్పటికి మూసుకునే తీరికలో ఉండదు. కావలివాడు వచ్చి నెట్టి వెళ్ళిపోయాక కూడా తలుపు తెరిచే ఉంటుంది. చుట్లు పెరిగి సమయం కుదిరేసరికి బండి ఒక్కసారిగా ముందుకు ఉరుకుతుంది. ఆర్.ఎక్స్. వాళ్ళు మురిసిపోయే ఆ ఉరుకు ప్రతిధ్వని వేళకు రావటమే తప్ప మరేమీ కాదు.

ఇప్పుడు ఈ గొట్టం తీసేసి, లోపల ఏమీ లేని తిన్నని గొట్టం పెట్టారనుకోండి. లేదా వెనక ఉండే చిల్లుల గొట్టాన్ని – మెకానిక్కులు బఫుల్ అంటారు – పీకేశారనుకోండి. చప్పుడు పెరుగుతుంది, నిజమే. కాని వెనక్కి వచ్చే తరంగం బలహీనమవుతుంది, లేదా వేళ తప్పుతుంది. మిశ్రమం మండకుండా బయటికి పోతుంది. వీధంతా దద్దరిల్లుతున్నా బండి మాత్రం మునుపటి కన్నా నీరసంగా నడుస్తుంది. పైగా పెట్రోలు ఖర్చు! మోగేది గొట్టం, ఖాళీ అయ్యేది జేబు.

ఈ విద్యను ప్రపంచానికి నేర్పిన మనిషి వాల్టర్ కాడెన్ అనే జర్మన్ ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత తూర్పు జర్మనీలోని షోపావు ఊళ్ళో ఎం.జెడ్. అనే మోటారు సైకిళ్ళ కర్మాగారంలో పందెపు బండ్లు తయారుచేసేవాడు. డబ్బు తక్కువ, మంచి లోహాలు దొరకవు. అంచేత గొట్టంలోని తరంగాల మీద దృష్టి పెట్టాడు. 1961 నాటికి ఆయన చేసిన 125 ఘన సెంటీమీటర్ల ఇంజను 25 అశ్వశక్తి ఇచ్చింది. అంటే లీటరుకు 200! అంతకు ముందు అలాంటి ఇంజను ఎవరూ చెయ్యలేదు. ఆ ఏడు సెప్టెంబరులో స్వీడనులో పందెం జరుగుతుండగా ఆయన రౌతు ఎర్న్‌స్ట్ డెగ్నర్ తన దేశం వదిలి పశ్చిమానికి పారిపోయాడు. కాడెన్ విద్యతో జపానులోని సుజుకి కంపెనీలో చేరాడు. మరుసటి ఏడాదే, 1962లో, సుజుకి బండి మీద 50 ఘన సెంటీమీటర్ల తరగతిలో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ తరవాత జపాను కంపెనీలన్నీ ఈ దారి పట్టాయి. వాటిలో యమహా ఒకటి. 1985లో మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్ళతో కలిసి ఆర్.ఎక్స్. 100 దించింది వాళ్ళే. కోరుట్ల బజారులో బోలు గొట్టం తగిలించుకున్న బండిని చూస్తే, కాడెన్ కష్టం కాస్తా ఇనప సామానువాడి తక్కెడలో పడినట్టుంటుంది నాకు.

పాత బండ్లన్నిటి కథా ఇంత సూక్ష్మం కాదు లెండి. పోలండు నమూనా నుంచి వచ్చిన రాజ్‌దూత్ 175, మైసూరులో తయారైన జావా, యజ్డీ కూడా టూ స్ట్రోకులే. వాటికీ ఈ సూత్రమే. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్టుకు వాల్వులు ఉన్నాయి. దానిలో కొత్త మిశ్రమం జారిపోవటం చాలా తక్కువ. కనుక గొట్టం మారిస్తే నష్టం అంతగా తెలియదు. లాభమూ అంతగా తెలియదు. చెవులకు మాత్రం తెలుస్తుంది. కొత్త మోటారు సైకిళ్ళు 80 డెసిబెల్స్ దాటకుండా తయారుకావాలని మన నిబంధన. ఒక గొట్టం 100 డెసిబెల్స్ చేసిందనుకోండి. తేడా 20 అని తీసిపారెయ్యకండి. ప్రతి పది డెసిబెల్స్‌కూ ధ్వని శక్తి పది రెట్లవుతుంది. అంటే అది 80 కన్నా నూరు రెట్లు. పరీక్షలకు చదువుకునే ఇంటి కిటికీ ముందు నుంచి పోతే ఎలా ఉంటుందో మీకు చెప్పాలా! పోలీసులు ఇలాంటి గొట్టాలను ఊడబెరికి రోడ్డు రోలరు కింద వేయించటం మీరు పేపర్లలో చూసే ఉంటారు. కంపెనీ పెట్టిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది.

ప్లగ్గు చెప్పే జాతకం

గాలి వడపోత మార్చటం మరో సరదా. దళసరి వడపోత తీసి సన్నటి జాలీది పెడితే గాలి సులువుగా వస్తుంది, అది నిజం. ఐతే పెట్రోలు ఇచ్చే జెట్టు పాతదే ఉంటే మిశ్రమం పలచబడుతుంది. పలచటి మిశ్రమం ఇంజనును మితిమీరి వేడెక్కిస్తుంది. టూ స్ట్రోకులో ఇంకో ప్రమాదం ఉంది. పిస్టనుకు కావలసిన నూనె కూడా ఆ మిశ్రమంతోనే పోతుంది కదా. వేడికి పిస్టను ఉబ్బి, నూనె చాలక, సిలిండరు గోడను కరుచుకుపోతుంది. దీన్నే "సీజైంది" అంటారు. నడిరోడ్డు మీద వేగంలో ఉండగా ఇది జరిగితే వెనక చక్రం బిగుసుకుపోతుంది. అంచేత వడపోత మార్చినవాడు జెట్టు కూడా సరిచూసుకోక తప్పదు.

సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? స్పార్కు ప్లగ్గు చెబుతుంది. మెకానిక్కు దాన్ని విప్పినప్పుడు కొస దగ్గర తెల్లటి పింగాణీని గమనించండి. పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే మిశ్రమం బాగున్నట్టు. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లబడితే గాలి ఎక్కువ. వెంటనే జాగ్రత్త పడాలి.

ఈ రోజుల్లో, ఏ భాగమూ మార్చకపోయినా పాత బండ్ల మిశ్రమం కొంత పలచబడింది. కారణం ఇథనాలు. 2025 నాటికి మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలు అణువులో ముందే కొంత ప్రాణవాయువు ఉంటుంది. కనుక దాన్ని మండించటానికి గాలి తక్కువ చాలు: 1 గ్రాముకు సుమారు 9 గ్రాములు. 20 శాతం కలిపిన పెట్రోలుకు 14.7 కాస్తా 13.5 అవుతుంది. కొత్త బండ్లలో ఒక చిన్న కంప్యూటరు పొగను వాసన చూసి ఈ తేడాను సర్దుకుంటుంది. 1985 నాటి కార్బ్యురేటరుకు ఆ తెలివి లేదు. అది పాత కొలతతోనే పోస్తుంది. మిశ్రమం సుమారు పన్నెండో వంతు పలచబడుతుంది. పాత బండికి ఇవాళ నిజంగా పనికివచ్చే బయటి సామాను ఏదంటే – ఒక నెంబరు పెద్ద జెట్టు, ఇథనాలును తట్టుకునే రబ్బరు గొట్టాలు. వీటికి మెరుపూ ఉండదు, చప్పుడూ ఉండదు. అందుకే కాబోలు ఎవరూ వీటి గురించి గొప్పలు చెప్పుకోరు.

పది శాతానికి మూడు కిలోమీటర్లు

సరే, ఎవరో నిపుణుడు అన్నీ సరిగ్గా కుదిర్చి ఇంజను బలం 10 శాతం పెంచాడనే అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్లు పోయే బండి 110 పోతుందా?

పోదు. వేగంగా పోయేటప్పుడు బండికి ముఖ్యమైన శత్రువు ఎదురుగాలి. వేగం రెట్టింపయితే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఆ ఒత్తిడికి ఎదురుగా రెట్టింపు వేగంతో పోవాలి కనుక కావలసిన బలం ఎనిమిది రెట్లు. అంటే బలం వేగం యొక్క ఘనంతో పెరుగుతుంది. 1.1కి ఘనమూలం కట్టండి: 1.03. వేలకు వేలు పోసి తెచ్చిన పది శాతం బలానికి దక్కేది గంటకు 3 కిలోమీటర్లు! బండి మీద కాస్త ముందుకు వంగి కూచుంటే కూడా ఇంచుమించు అంత వస్తుంది.

పళ్ళచక్రాలు మార్చి వేగం పెంచవచ్చు కదా అంటారా? ఈ సంగతి సిరిసిల్ల పిల్లలకు నేను చెప్పనక్కర లేదు. ఇంట్లో సాంచాలు నడుస్తుంటాయి. మోటారుకు పెద్ద పుల్లీ వేస్తే సాంచె వేగం పెరుగుతుంది. బట్ట త్వరగా దిగుతుంది. కాని మోటారు మీద బరువు పడుతుంది, పోగులు తెగటం ఎక్కువవుతుంది. తెగిన పోగు అతికేసరికి పెరిగిన వేగం కాస్తా పోతుంది. బండీ అంతే. ఇంజను పక్క చక్రానికి 14 పళ్ళుంటే 15 పళ్ళది వేశారనుకోండి. ఇంజను అన్నే చుట్లు తిరిగినా బండి పద్నాలుగో వంతు ఎక్కువ దూరం పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడూ, ఇద్దరు కూచున్నప్పుడూ గుంజుడు అంతే మేరకు తగ్గుతుంది. 13 పళ్ళు వేస్తే ఇందుకు వ్యతిరేకం. మీరు చదివిన తులాదండ సూత్రమే ఇది: బలం కావాలంటే దూరం వదులుకో, దూరం కావాలంటే బలం వదులుకో.

నిలబెట్టే బలం

ఇంత సేపూ బండిని పరుగెత్తించే మాటలే చెప్పుకున్నాం. నిలబెట్టటం సంగతేమిటి? బండీ మనిషీ కలిసి 180 కిలోలు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాని గతిజ శక్తి 25,000 జౌళ్ళు. 80 కిలోమీటర్ల వేగంలో 44,000 పైచిలుకు. వేగం మూడో వంతే పెరిగింది. బ్రేకు మింగవలసిన శక్తి మాత్రం ముప్పావు వంతుకు పైగా పెరిగింది. ఆ శక్తంతా బ్రేకు డ్రమ్ములో వేడిగా మారాలి. పాత బండ్ల డ్రమ్ములు చిన్నవి, మూసి ఉంటాయి. వేడి త్వరగా బయటికి పోదు. వేడెక్కిన కొద్దీ లైనరు పట్టు సడలుతుంది.

వాలు దిగేటప్పుడు ఇంకా కష్టం. అదే 180 కిలోలు ప్రతి 10 మీటర్ల ఎత్తు దిగినప్పుడూ 17,600 జౌళ్ళు అదనంగా బ్రేకుకు అప్పజెబుతాయి. జగిత్యాల దగ్గరి కొండగట్టు ఘాటు రోడ్డు మీకు తెలుసు. 2018 సెప్టెంబరు 11న, పట్టే దానికన్నా ఎక్కువ జనంతో ఆ వాలు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బరువు, వాలు, వేగం ఈ మూడూ కలిసినప్పుడు బ్రేకు మీద పడే భారం ఎంతటిదో మన ప్రాంతంవాళ్ళు మరిచిపోలేరు. ఫోర్ స్ట్రోకు బండి వాలులో గేరులో ఉంటే ఇంజనే కొంత ఆపుతుంది. టూ స్ట్రోకులో ఆ సాయం చాలా తక్కువ; భారమంతా బ్రేకులదే. నన్నడిగితే, పాత బండికి డబ్బు పెట్టదలిచినవారు మొదట కొనవలసింది మంచి బ్రేకు లైనర్లు, కొత్త టైర్లు. కుదిరితే ముందు చక్రానికి డిస్కు బ్రేకు – అది మాత్రం తెలిసినవాడి చేత, రవాణా కార్యాలయంలో కనుక్కుని.

దీపం సంగతి కూడా చూడండి. రాజ్‌దూత్, యజ్డీ లాంటివి 6 వోల్టుల బండ్లు. రాత్రి పూట వాటి వెలుగు మిణుగురు పురుగుతో పోటీ పడుతుంది. 36 వాట్ల బల్బు 6 వోల్టుల మీద వెలగాలంటే 6 ఆంపియర్లు కావాలి. 12 వోల్టుల మీదైతే 3 చాలు. తీగలో వృథా అయ్యే వేడి విద్యుత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది నాలుగో వంతుకు పడిపోతుంది. ముప్పై నలభై ఏళ్ళ తుప్పుపట్టిన తీగల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 12 వోల్టులకు మార్చే సామాను, దానికి తగిన డైనమో చుట్ట బజారులో దొరుకుతున్నాయి. చిల్లులు పడ్డ రోడ్డు మీద గుంత ముందే కనబడటం కూడా బండి పనితనం కిందికే వస్తుంది.

"బోరు చేయించిన తరవాత మా బండి కొత్తదానిలా గుంజుతోంది, ఇంజను పెద్దదైంది కదా" అని కొందరంటారు. 50 మిల్లీమీటర్ల సిలిండరును అరిగిపోయిందని 50.5కు తొలిపించారనుకోండి. ఘనపరిమాణం పెరిగేది 2 శాతమే! గుంజుడు వచ్చింది అందువల్ల కాదు. అరిగిన గోడకూ రింగులకూ మధ్య నుంచి జారిపోతున్న పీడనం ఇప్పుడు జారిపోవటం లేదు. బండి ఒకప్పుడు పోగొట్టుకున్నదే మళ్ళీ వచ్చింది. అందుకే పాత బండికి ఏ కొత్త భాగమైనా వేసే ముందు, దాని అసలు బలం ఎంతో, అందులో ఇప్పుడు ఎంత మిగిలిందో చూడాలి. రింగులు, రీడ్ వాల్వు రేకులు, సైలెన్సరులో పేరుకున్న మసి, చైను – ఈ నాలుగూ చూస్తే చాలాసార్లు బయటి సామాను అవసరమే రాదు. పిల్లలూ, ఇవన్నీ చూసి నేర్చుకోవటానికి వయసుతో పని లేదు. గేర్ల బండి నడపటానికి మాత్రం 18 ఏళ్ళు నిండాలి.

గల్ఫుకు పోయేవాళ్ళ ఇళ్ళల్లో ఒక సంగతి గుర్తుపెట్టుకుని చెప్పండి. బండిని రెండేళ్ళు చీర కప్పి ఉంచేటప్పుడు చాలామంది టాంకులో పెట్రోలు అలాగే వదిలేస్తారు. ఇథనాలు గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ పెట్రోలు నుంచి విడిపోయి టాంకు అడుగుకు చేరతాయి. అక్కడ తుప్పు మొదలవుతుంది. ఆ తుప్పు రజను వచ్చి కార్బ్యురేటరు జెట్టు రంధ్రాన్ని మూసేస్తుంది. పోయేముందు టాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగిపోయేదాకా నడిపి కార్బ్యురేటరు కూడా ఎండగట్టాలి. ప్లగ్గు విప్పి ఒక చెంచాడు ఇంజనాయిలు సిలిండరులో పోసి, కిక్కు రెండు మూడుసార్లు చేత్తో మెల్లగా తిప్పి, ప్లగ్గు మళ్ళీ బిగించాలి.